నిప్పు చీమల సామాజిక క్రోమోజోము

ఒక జీవి సంఘజీవనాన్ని దాని కణాలలోని క్రోమోజోముల అమరికతో సూటిగా ముడిపెట్టి చూపగల ఉదాహరణలు జీవశాస్త్రంలో చాలా అరుదు. సాధారణంగా ప్రవర్తన అనేది వందలాది జన్యువుల స్వల్ప ప్రభావాలు, పరిసరాలు, ఆహారం, వయస్సు అన్నీ కలిసి రూపొందించేదే కాబట్టి, ఫలానా ప్రవర్తనకు ఫలానా క్రోమోజోమే కారణమని శాస్త్రజ్ఞులు తేలికగా చెప్పరు. ఈ నియమానికి గట్టి మినహాయింపుగా నిలిచినది ఎర్ర నిప్పు చీమ. సొలెనాప్సిస్ ఇన్విక్టా అనే శాస్త్రీయ నామం గల ఈ చీమ పుట్టలో ఒక్క రాణి ఉండాలా, అనేకమంది రాణులు ఉండాలా అన్నది దాని పదహారు క్రోమోజోములలో ఒకదానిపై ఆధారపడి ఉంటుంది.

ఈ చీమ స్వస్థలం దక్షిణ అమెరికాలోని పరాగ్వే, పరానా నదుల వరద మైదానాలు. ఇది 1930ల ప్రాంతంలో ఓడల సరుకుతోపాటు అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని అలబామా రాష్ట్రానికి చెందిన మొబీల్ రేవుకు చేరి, అక్కడి నుంచి దక్షిణ రాష్ట్రాలన్నిటికీ వ్యాపించింది. దాన్ని నిర్మూలించడానికి 1957లో అమెరికా ప్రభుత్వం విమానాల నుంచి డీల్డ్రిన్, హెప్టాక్లోర్ వంటి విషాలను లక్షల ఎకరాలపై చల్లించింది. పక్షులూ చేపలూ పెంపుడు జంతువులూ చనిపోయాయి గాని, చీమ పోలేదు; రేచల్ కార్సన్ 1962లో వెలువరించిన ‘సైలెంట్ స్ప్రింగ్’ గ్రంథంలో ఈ కార్యక్రమాన్ని తీవ్రంగా విమర్శించారు. ఆ తరువాత ఈ చీమ 2001లో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లోనూ, 2003లో తైవాన్‌లోనూ, 2004లో దక్షిణ చైనాలోనూ కనిపించింది. 2023లో ఇటలీకి చెందిన సిసిలీ దీవిలో దాని పుట్టలు బయటపడడంతో ఐరోపాలో కూడా అది స్థిరపడినట్లు తేలింది. వివిధ దేశాల చీమల జన్యువులను పోల్చి 2011లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, అమెరికా వెలుపలి ఈ కొత్త ఆక్రమణలు దాదాపు అన్నీ చీమ స్వస్థలం నుంచి కాక, అది అప్పటికే ఆక్రమించిన అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ ప్రాంతం నుంచి బయలుదేరినవే.

ఇది కుట్టినచోట తీవ్రమైన మంట పుట్టి, ఒకటి రెండు రోజులలో తెల్లని పొక్కు లేస్తుంది. విషంలోని సొలెనాప్సిన్ వంటి ఆల్కలాయిడ్లు ఇందుకు కారణం. అయితే దాని హానికి అసలు మూలం విషం కన్నా సంఖ్యాబలం. ఎదిగిన ఒక్కొక్క పుట్టలో రెండు లక్షలకు పైగా శ్రామిక చీమలు ఉండవచ్చు. అవి విత్తనాలను, మొలకలను, నేలపై గూడు కట్టే పక్షుల పిల్లలను, అప్పుడే పుట్టిన దూడలను సైతం వదలవు.

ఈ చీమలలో రెండు రకాల సంఘాలు ఉంటాయి. ఏకరాణి సంఘంలో గుడ్లు పెట్టే రాణి ఒక్కటే ఉంటుంది. ఆ సంఘపు శ్రామికులు తమ హద్దులను కాపాడుకుంటూ పొరుగు పుట్ట చీమలను చంపుతాయి. ఇటువంటి సంఘంలో పుట్టిన కొత్త రాణి బాగా కొవ్వు పట్టి, రెక్కలతో ఎగిరి, గాలిలోనే మగచీమతో జతకట్టి, దూరంగా ఎక్కడో నేలను దిగి రెక్కలు రాల్చుకుని, ఆహారం లేకుండా తన ఒంటిలోని నిల్వలతోనే మొదటి సంతానాన్ని పెంచుతుంది. బహురాణి సంఘంలో గుడ్లు పెట్టే రాణులు రెండు మొదలుకొని వందల వరకు ఉండవచ్చు. వీటి కొత్త రాణులు తేలికగా, కొవ్వు నిల్వలు తక్కువగా ఉంటాయి కాబట్టి ఒంటరిగా సంఘాన్ని స్థాపించలేక, అప్పటికే ఉన్న పుట్టలలో చేరిపోతాయి; పుట్ట పెరిగినకొద్దీ కొన్ని రాణులు కొంత శ్రామిక బలగంతో పక్కకు జరిగి కొత్త పుట్టను వేస్తాయి. బహురాణి పుట్టలు ఒకదానితో ఒకటి పోరాడవు కాబట్టి ఒక ఎకరంలో ఏకరాణి పుట్టలకన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా కిక్కిరిసి ఉంటాయి. రైతుకు, పశువుకు, స్థానిక చీమజాతులకు రెండోదే ఎక్కువ ప్రమాదం. మట్టితో, నర్సరీ మొక్కల కుండీలతో ప్రయాణించడానికి కూడా అదే అనువైనది, ఎందుకంటే ఆ మట్టిపెళ్లలో ఏదో ఒక రాణి చిక్కే అవకాశం చాలా హెచ్చు.

ఒకే జాతికి చెందిన చీమలు రెండు విధాలుగా ఎందుకు బతుకుతున్నాయి? అమెరికాలో బహురాణి సంఘాలు వెలుగులోకి వచ్చిన 1970ల నుంచి ఈ ప్రశ్న పరిశోధకులను వెంటాడింది. జవాబు క్రోమోజోములలో దొరికింది గాని, అది దొరికిన తీరును గ్రహించాలంటే చీమల వారసత్వపు పద్ధతిని ముందుగా తెలుసుకోవాలి. మనిషిలో స్త్రీకైనా పురుషునికైనా ప్రతి క్రోమోజోము జంటగా, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటిగా వస్తుంది. చీమలలో, తేనెటీగలలో, కందిరీగలలో ఆడజీవి మాత్రమే ఫలదీకరణం చెందిన గుడ్డు నుంచి పుడుతుంది. మగజీవి ఫలదీకరణం చెందని గుడ్డు నుంచి, తండ్రి లేకుండానే పుడుతుంది. అందుచేత రాణికీ శ్రామికులకూ ప్రతి క్రోమోజోమూ రెండేసి ప్రతులుగా ఉంటుంది; దీన్ని ద్వయస్థితికం అంటారు. మగచీమకు ఒక్కొక్క ప్రతి మాత్రమే ఉంటుంది; దీన్ని ఏకస్థితికం అంటారు. నిప్పు చీమలో ఆడవాటికి ముప్ఫై రెండు, మగవాటికి పదహారు క్రోమోజోములు.

ఈ లెక్క తేల్చడానికి ఉపయోగించే పద్ధతి చూడడానికి సులువుగా కనిపించినా చాలా ఓర్పుతో కూడినది. క్రోమోజోములు విడివిడిగా, దట్టంగా కనిపించేది కణం విభజన చెందే సమయంలోనే, అందులోనూ మధ్యస్థ దశ అనే కొద్ది నిమిషాల ఘట్టంలోనే. ఎదిగిన చీమ దేహంలో విభజన చెందే కణాలు తక్కువ కాబట్టి, ప్యూపాగా మారబోతున్న డింభకాన్ని ఎన్నుకుంటారు. అది కడుపులోని మలాన్ని విసర్జించి పాలవలె తెల్లబడిన దశలో ఉన్నప్పుడు, సూక్ష్మదర్శిని కింద సన్నని సూదులతో తల భాగాన్ని చీల్చి, ఆవగింజకన్నా చిన్నదైన నాడీగ్రంథిని బయటకు తీస్తారు. దాన్ని కాల్చిసిన్ కలిపిన పలుచని ద్రావణంలో ఉంచుతారు. కాల్చిసిన్ మన అడవులలో పెరిగే అడవినాభి దుంపలలోను, గింజలలోను లభించే విషమే. క్రోమోజోములను రెండు వైపులకు లాగే సన్నని దారాలు ఏర్పడకుండా అది అడ్డుపడుతుంది కాబట్టి విభజన మధ్యలోనే ఆగిపోతుంది. ద్రావణం పలుచనిది కావడంవల్ల కణాలు నీటిని పీల్చి ఉబ్బి, లోపలి క్రోమోజోములు ఒకదానికొకటి ఎడంగా జరుగుతాయి. తరువాత ఎసిటిక్ ఆమ్లం, ఆల్కహాలు మిశ్రమాన్ని చుక్కలుగా వేస్తూ గాజుపలకపై కణజాలాన్ని విడదీసి, గాలికి ఆరబెట్టి, జీమ్సా రంగు వేస్తారు. జపాన్ శాస్త్రజ్ఞుడు హిరోతామి ఇమాయ్, ఆయన సహచరులు చీమలకు తగినట్లుగా దిద్ది తీర్చిన ఈ పద్ధతితోనే వందలాది చీమజాతుల క్రోమోజోములు లెక్కకు అందాయి. ఈ సంఖ్యలలో ఉన్న వైవిధ్యం విస్మయం కలిగిస్తుంది: ఆస్ట్రేలియాకు చెందిన ఒక దూకుడు చీమజాతి మగచీమలో ఒకే ఒక్క క్రోమోజోము ఉండగా, బ్రెజిల్‌కు చెందిన డైనోపొనెరా లూసిడా అనే భారీ చీమ ఆడవాటిలో నూట ఇరవై వరకు ఉన్నాయి.

నిప్పు చీమ క్రోమోజోములను 1970లలోనే లెక్కించారు. ఆ లెక్క సరైనదే అయినా సంఘజీవనపు చిక్కును విప్పలేదు. ఏకరాణి సంఘమైనా, బహురాణి సంఘమైనా ఆ సంఖ్య మారదు; దగ్గరి బంధువైన నల్ల నిప్పు చీమలోనూ అదే సంఖ్య, దక్షిణ భారతంలో కనిపించే సొలెనాప్సిస్ జెమినేటా అనే ఉష్ణమండల నిప్పు చీమలోనూ అదే సంఖ్య. ఒక శాస్త్రం తన పనిముట్టు చూపగలిగినంతే చూస్తుంది. సంఖ్యను చూపే పనిముట్టు అమరికను చూపలేదు.

అసలు ఆనవాలు వేరే దారిలో దొరికింది. జార్జియా విశ్వవిద్యాలయానికి చెందిన కెన్నెత్ రాస్, చీమల ప్రోటీన్లను విద్యుత్ ప్రవాహంతో జెల్ మీద వేరుచేసి చూస్తూ, జీపీ-9 అనే ప్రోటీనులో రెండు రూపాలు ఉన్నట్లు గమనించారు. వాటికి పెద్ద-బి, చిన్న-బి అనే పేర్లు పెట్టారు. ఏకరాణి సంఘాలలో అన్ని ఆడచీమలకూ రెండు ప్రతులూ పెద్ద-బి రూపానివే ఉండగా, బహురాణి సంఘాలలో గుడ్లు పెట్టే ప్రతి రాణికీ ఒక పెద్ద-బి, ఒక చిన్న-బి ఉన్నాయి. రెండూ చిన్న-బి అయిన ఆడచీమలు దుర్బలంగా పుట్టి, రాణులుగా ఎదగకుండానే చనిపోతాయి. ఇక్కడ ఒక్క క్షణం ఆగి లెక్క వేసి చూడాలి. బహురాణి సంఘపు మిశ్రమ రాణి, పెద్ద-బి మగచీమతో జతకట్టిందనుకుంటే, మెండెల్ సూత్రాల ప్రకారం ఆమె కూతుళ్లలో సగం మిశ్రమ రకంగా, సగం శుద్ధమైన పెద్ద-బి రకంగా పుట్టాలి. పుట్టడం కూడా అలాగే పుడతాయి. అయినప్పటికీ శుద్ధమైన పెద్ద-బి రాణి ఒక్కటి కూడా ఆ సంఘంలో గుడ్లు పెడుతూ కనబడదు.

ఈ సగం రాణులు ఎక్కడికి పోయాయో లారెంట్ కెల్లర్, కెన్నెత్ రాస్ 1998లో కనిపెట్టారు. శుద్ధమైన పెద్ద-బి రాణి ఎదిగి గుడ్లు పెట్టడం మొదలుపెట్టగానే, ఆమెను సొంత సంఘపు శ్రామిక చీమలే చుట్టుముట్టి చంపివేస్తున్నాయి. పైగా ఆ పనికి పూనుకునేవి ప్రధానంగా చిన్న-బి ప్రతి ఉన్న శ్రామికులే. ఆ రాణుల ఒంటికి రుద్దుకున్న శ్రామిక చీమలపై కూడా దాడి జరగడాన్ని బట్టి గుర్తింపు వాసన ద్వారానే సాగుతుందని తేలింది. తన ప్రతి ఉన్నవారికి బయటికి కనిపించే ఒక గుర్తునిచ్చి, ఆ గుర్తు ఉన్నవారిని కాపాడి, లేనివారిని తొలగించే జన్యువు ఉండవచ్చునని 1964లో విలియం హామిల్టన్ సిద్ధాంతపరంగా ఊహించారు. దానికి రిచర్డ్ డాకిన్స్ పచ్చగడ్డం జన్యువు అని పేరు పెట్టారు. ఇటువంటిది ప్రకృతిలో ఉంటుందా అని చాలామంది సందేహించారు. నిప్పు చీమ ఆ ఊహకు మొట్టమొదటి బలమైన రుజువులలో ఒకటిగా నిలిచింది.

అయితే ఒక జన్యువు ఇన్ని పనులు ఎలా చేయగలదు? రాణి బరువు, కొవ్వు నిల్వ, వాసన, శ్రామికుల సహనం, పొరుగు పుట్టలతో సంబంధం అన్నీ కలిసికట్టుగా మారుతున్నాయి. జీపీ-9 వాసన పదార్థాలను మోసే ప్రోటీన్ల కుటుంబానికి చెందినదని 2002లో తేలినప్పటికీ, కొవ్వు నిల్వకు, వాసన ప్రోటీనుకు ఉన్న సంబంధం అంతుపట్టలేదు. 2011లో నిప్పు చీమ జన్యుపటం వెలువడింది. ఆ పునాదిపై 2013లో జాన్ వాంగ్, యానిక్ వుర్మ్, లారెంట్ కెల్లర్, వారి సహచరులు ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ఈ చిక్కుముడిని విప్పింది. వారికి మగచీమ గొప్ప వరమైంది. మగచీమకు ప్రతి క్రోమోజోమూ ఒక్క ప్రతే ఉంటుంది కాబట్టి, మిశ్రమ రాణికి పుట్టిన కొడుకులలో కొందరు అచ్చంగా పెద్ద-బి క్రోమోజోమును, కొందరు అచ్చంగా చిన్న-బి క్రోమోజోమును మోస్తారు. రెండు ప్రతుల సమాచారం కలగాపులగం కాకుండా దేనికది విడిగా చదవవచ్చు.

అలా చదివినప్పుడు తేలినది ఇది. గుడ్డు తయారయ్యే ముందు జరిగే క్షయకరణ విభజనలో తల్లి నుంచి వచ్చిన క్రోమోజోము, తండ్రి నుంచి వచ్చిన క్రోమోజోము పక్కపక్కన చేరి ముక్కలను మార్చుకుంటాయి. దీన్ని వినిమయం అంటారు. రెండు పెద్ద-బి క్రోమోజోములు ఉన్న రాణిలో ఈ వినిమయం యథావిధిగా జరుగుతోంది. మిశ్రమ రాణిలో మాత్రం ఆ క్రోమోజోములో సగానికి పైబడిన భాగంలో, ఐదారు వందల జన్యువులు ఉన్న నిడివిలో, వినిమయం అసలే జరగడం లేదు. కారణం విలోమం: దండ మధ్యభాగాన్ని తెంచి, తిరగేసి, మళ్లీ అదే దారానికి ముడివేసినట్లుగా, చిన్న-బి క్రోమోజోములోని ఒక పెద్ద భాగం తలకిందులై ఉంది. పువ్వులన్నీ ఉన్నాయి, లెక్క తగ్గలేదు. వరుస మాత్రం ఎదురైంది. కాబట్టి సూక్ష్మదర్శిని కింద సంఖ్య మారలేదు. ఈ తలకిందులైన అమరికను పరిశోధకులు కంటితో కూడా చూశారు: క్రోమోజోములోని నిర్దిష్టమైన తావులకు మాత్రమే అతుక్కునే డీఎన్ఏ ముక్కలకు వెలిగే రంగులు జోడించి గాజుపలకపై వదిలినప్పుడు, పెద్ద-బి క్రోమోజోముపై ఒక వరుసలో వెలిగిన చుక్కలు చిన్న-బి క్రోమోజోముపై ఎదురు వరుసలో వెలిగాయి. పాత గాజుపలక పద్ధతి, కొత్త జన్యుపఠనం ఒకదానినొకటి ధ్రువపరచిన ఈ ఘట్టం చీమల క్రోమోజోముల అధ్యయనంలో అత్యంత విలువైనదని చెప్పవచ్చు. తరువాతి పరిశోధనలలో విలోమం ఒక్కటి కాదని, పక్కపక్కనే మూడు ఉన్నాయని వెల్లడైంది.

వరుస ఎదురైన క్రోమోజోములు వినిమయం చేసుకోలేవు గనుక, ఆ భాగంలోని వందలాది జన్యువులు తరతరాలుగా విడిపోకుండా ఒకే మూటగా వారసత్వంగా వస్తాయి. ఇటువంటి మూటను అధిజన్యువు అంటారు. కొవ్వు నిల్వను మార్చే జన్యువు, వాసనను మార్చే జన్యువు, శ్రామికుల ప్రతిస్పందనను మార్చే జన్యువు వేర్వేరు అయినప్పటికీ ఒకటి వచ్చినచోటికి మిగిలినవీ తప్పనిసరిగా వస్తాయి. మనిషిలో పురుషత్వాన్ని నిర్ణయించే వై క్రోమోజోము పరిస్థితి కూడా ఇదే. అందువల్లనే ఈ జంటకు సామాజిక క్రోమోజోము అనే పేరు స్థిరపడింది.

వై క్రోమోజోముతో పోలిక అక్కడితో ఆగదు. వినిమయం వల్ల హానికర మార్పులు కాలక్రమంలో వడకట్టుకుపోతాయి. ఆ అవకాశం లేని క్రోమోజోము క్రమంగా శిథిలమవుతుంది. రెండు చిన్న-బి ప్రతులున్న రాణి సంతానానికి రాదు కాబట్టి, చిన్న-బి క్రోమోజోముకు తనవంటి మరొక క్రోమోజోముతో వినిమయం చేసుకునే సందర్భమే దొరకదు. దాని పర్యవసానంగా అందులో అర్థంలేని పునరావృత డీఎన్ఏ భాగాలు పేరుకుపోయి, అది పెద్ద-బి క్రోమోజోముకన్నా పొడవెక్కింది. మనిషి వై క్రోమోజోము కాలక్రమంలో కుంచించుకుపోగా, ఇది ఇంకా ఉబ్బే దశలోనే ఉంది. శైథిల్యం తొలి దశ ఎలా ఉంటుందో చూడడానికి శాస్త్రజ్ఞులకు ఇదొక అవకాశంగా దొరికింది. ఇంకొక విశేషమేమిటంటే, ఏకస్థితికమైన మగచీమ చిన్న-బి ఒక్కదానితోనే బతకగలుగుతోంది కనుక, ప్రాణాధారమైన జన్యువులు అందులో ఇంకా చెడిపోలేదని చెప్పాలి.

ఆక్రమణ చరిత్ర కూడా క్రోమోజోములపై తన ముద్ర వేసింది. చీమలలో లింగాన్ని నిర్ణయించే జన్యుస్థానంలో రెండు వేర్వేరు రూపాలు ఉంటే ఆడది, ఒకే రూపం ఉంటే మగది పుడుతుంది. అలబామాకు చేరినవి కొద్దిపాటి చీమలే కాబట్టి వాటితో వచ్చిన రూపాలు కూడా కొద్దివే; అందువల్ల ఫలదీకరణం చెందిన గుడ్డులో సైతం ఒకే రూపం రెండుసార్లు చేరి, ముప్ఫై రెండు క్రోమోజోములు ఉన్న మగచీమ పుట్టడం అమెరికాలో తరచుగా జరుగుతుంది. ఇవి సాధారణంగా సంతానానికి పనికిరావు. ఒంటరిగా సంఘం స్థాపించిన రాణి సంతతిలో ఇటువంటి మగచీమలు పుడితే, పనిచేసే శ్రామికులు చాలక ఆ సంఘం మొదట్లోనే నశిస్తుంది. బహురాణి సంఘంలో మిగతా రాణుల సంతానం పనిచేసిపెడుతుంది కాబట్టి ఆ లోపం కప్పబడిపోతుంది. ఫలితంగా అక్కడి బహురాణి సంఘాలలో మగచీమలు అధికభాగం వంధ్యమైనవే. వాటి రాణులు ఎక్కువగా ఏకరాణి సంఘాల మగచీమలతోనే జతకడతాయి.

ఈ అధిజన్యువు ఒక్క జాతికే పరిమితం కాలేదు. దక్షిణ అమెరికాలోని దగ్గరి బంధువులైన అనేక నిప్పు చీమజాతులలో ఇదే చిన్న-బి క్రోమోజోము ఉంది. ఒకసారి ఏర్పడిన ఈ క్రోమోజోము సంకరం ద్వారా జాతి నుంచి జాతికి పాకిందని 2022లో వెలువడిన రెండు పరిశోధనలు నిరూపించాయి. ఆల్ప్స్ పర్వతాలలోని ఫార్మికా సెలిసి అనే చీమలోనూ రాణుల సంఖ్యను నిర్ణయించే సామాజిక క్రోమోజోము ఉన్నట్లు 2014లో తేలింది గాని, అది వేరుగా, స్వతంత్రంగా పుట్టినది. ఆక్రమణ చీమలలో క్రోమోజోముల వింతలు ఇంకా ఉన్నాయి. చిన్న నిప్పు చీమగా పిలిచే వాస్‌మానియాలో రాణులు తల్లికి, మగచీమలు తండ్రికి జన్యు ప్రతిరూపాలుగా పుడతాయని 2005లోను, తమిళనాడులోని దిండిగల్ ప్రాంతపు పల్లెలను బెంబేలెత్తించిన పసుపు పిచ్చిచీమ మగవాటి దేహం రెండు వేర్వేరు జన్యువంశాల కణాల కలయిక అని 2023లోను వెల్లడైంది.

భారతీయ చీమల క్రోమోజోములపై ఇమాయ్ బృందం చేసిన సర్వే 1984లో వెలువడింది. దానికి వాడిన పద్ధతికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు. మంచి సూక్ష్మదర్శిని, కాల్చిసిన్, జీమ్సా రంగు, నేర్పుగల చేతులు ఉంటే చాలు. ఉల్లి వేరు కొసలతో కణవిభజన చూపించే కళాశాల ప్రయోగశాలల్లో ఇదంతా సాధ్యమే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ జంతుశాస్త్ర విభాగాలు తమ చుట్టూ ఉన్న చీమలతో ఈ పని చేపట్టవలసి ఉంది. అయితే ఎర్ర నిప్పు చీమను గుర్తించడానికి క్రోమోజోముల సంఖ్య ఒక్కటే చాలదు. ఇక్కడ ఉన్న ఉష్ణమండల నిప్పు చీమకూ సంఖ్య అదే కాబట్టి, దేహలక్షణాలను, డీఎన్ఏను కూడా పరీక్షించాలి. అది బహురాణి రకమా కాదా అన్నది జీపీ-9 పరీక్షతో తేలుతుంది. విశాఖపట్నం, కాకినాడ, కృష్ణపట్నం వంటి రేవుల పరిసరాలలోగాని, దూరప్రాంతాల నుంచి మొక్కలు తెప్పించుకునే నర్సరీలలోగాని కుట్టినచోట తెల్లని పొక్కు లేపే కొత్తరకం చీమలు కనబడితే, మందు చల్లడానికి ముందే పదీ ఇరవై చీమలను గాఢమైన ఆల్కహాలులో వేసి, దొరికిన స్థలం, తేదీ రాసి, దగ్గరలోని వ్యవసాయ విశ్వవిద్యాలయ కీటకశాస్త్ర విభాగానికి అందజేయాలి. ఆ సీసాలోని శ్రామిక చీమలను కలిపి పరీక్షించినప్పుడు చిన్న-బి ప్రతి కనిపిస్తే అది బహురాణి సంఘమని, ఆ పుట్టతోపాటు చుట్టుపక్కల పుట్టలన్నిటినీ గాలించవలసి ఉంటుందని తెలిసిపోతుంది.